మైసయ్య నోటిమాట

సిద్దిపేట,
14-6-1987, ఆదివారం.

అక్క అంజవ్వకు,

చెల్లెలు బాలమణి నమస్కరించి రాయునది. బావకు, మీ అత్తమామలకు నా నమస్కారాలు చెప్పనవసరం లేదు. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టి, ఆ మాట కొట్టేశాను. చూస్తే కనిపిస్తుంది. ఉభయుల్లో ఒకరు కుశలమే. మీ ఇంట్లో అందరూ బాగున్నారని, కొత్త బర్రె ఈనిందని బావ చెప్పాడు. ఇక్కడ బాపు పోయాడు. ఆ సంగతి నీకు ముందే అందింది.

మొన్న బుచ్చిరాములు బావ వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి తీయకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. "మీ అక్క రానన్నది. తానం గూడ చెయ్యనన్నది. ఆయన నోటితోని ఆయనే ఒప్పుకున్నడు గద, గసొంటోనికి సూతకమేంది అన్నది" అని చెప్పాడు. చెబుతున్నంతసేపూ సైకిల్ బెల్లు వంకే చూశాడు. మాట మోసుకొచ్చినవాణ్ణి తిట్టి ఏం లాభం?

నువ్వు ఏడో తరగతి దాకా చదివావు. ఈ ఉత్తరం నువ్వే చదువు. ఇంకొకరితో చదివించుకోకు, అది నీ మంచికే. ఆ రోజు నువ్వు ఊళ్ళో లేవు. జరిగింది నీకు ఎవరు చెప్పినా వాళ్ళకు కావలసినంతే చెప్పి ఉంటారు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. నీకు తెలిసినవి కూడా రాస్తాను. తెలిసినవాటినే మనిషి తొందరగా మరిచిపోతాడు.

బాపు అబద్ధమాడడని మన ఊళ్ళో పసిపిల్లలకు కూడా ఎరుకే. కల్లులో నీళ్ళు కలపని గీత కార్మికుడు ఆయనొక్కడే అనేవాళ్ళు. పొలాల గెట్టు తగాదా వస్తే పట్వారీ కంటే ముందు బాపును పిలిచేవాళ్ళు. పొద్దూమాపూ తాటిచెట్ల మీద ఉండేవాడు, అందరి గెట్లూ ఆయన కళ్ళ కిందనే ఉండేవి. మైసయ్య చెప్పాడంటే ఇక దాని మీద మాట ఉండేది కాదు. నిన్ను ఊళ్ళోనే ఇచ్చి పెళ్ళి చేసిన ఏడు మీ మామ రాజమల్లయ్యకూ, ఆయన తమ్ముడు ఇస్తారికీ గెట్టు పంచాయితీ వచ్చింది గుర్తుందా? మీ మామ పొద్దున్నే మనింటికి వచ్చి, బాపును పక్కకు తీసుకుపోయి, తన దిక్కు చెప్పమన్నాడు. బాపు పంచాయితీలో ఇస్తారి దిక్కే చెప్పాడు. గెట్టు జరిపింది మీ మామే కాబట్టి. అప్పటికి అమ్మ బతికే ఉంది. బిడ్డనిచ్చిన ఇల్లు గద, జర సోంచాయించకపోతివా అని రెండు రోజులు మొత్తుకుంది. "బిడ్డనిచ్చిన. నాలుక ఇయ్యలే" అన్నాడు బాపు.

మీ మామ ఆ మాట మరిచిపోయినట్టే నడుచుకున్నాడు. బాపు కూడా నిజంగానే మరిచిపోయాడు.

పోయిన చలికాలంలో మీ బర్రె చచ్చిపోయింది. ఆ వెనకే మీ తోటికోడలి కొడుకు జ్వరంతో పడ్డాడు. సిద్దిపేట దవాఖానకు పట్టుకుపోదాం పదండని బాపు మీ వాకిట్లో నిలబడి బతిమాలాడు. మీ అత్త రామవ్వ వినలేదు. ఇంటి దేవతకు ముడుపు కట్టింది. పిల్లవాడు పోయాడు. పిల్లవాడి మట్టి ఆరకముందే ఆమె చూపు నీ మీద పడింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నీ కడుపు పండలేదు. గొడ్రాలి కన్ను పడి పిల్లవాడు పోయాడన్నది. నిన్ను పొయ్యి దగ్గరికి రానియ్యలేదు. పిల్లలున్న వాకిళ్ళకు పోనియ్యలేదు. మీ తోటికోడలు నువ్వు ముట్టిన బిందె పారబోసి, చింతపండుతో తోమి, మళ్ళీ నింపుకునేది. ఆ రోజుల్లో నేను పంతులమ్మగా పనిచేసే సిద్దిపేట నుంచి వచ్చినప్పుడల్లా నిన్ను చూసి ఏడ్చేదాన్ని. నిన్ను మనింటికి తీసుకొద్దామని బాపుతో అన్నాను. తీసుకొస్తే నింద నిజమైపోతుంది బిడ్డా అన్నాడు.

అప్పుడే నీకు పూనకాలు మొదలయ్యాయి. జుట్టు విరబోసుకొని కుక్కలా మొరిగావు, కంకరరాళ్ళు నోట్లో నుంచి తీశావు. మీ అత్త చూపు మారింది. నువ్వు చెరుపు చేసినదానివి కావు, చెరుపు తగిలినదానివి అయ్యావు. నీ మీద ఎవరో బాణామతి చేశారని, అదే పిల్లవాణ్ణి కూడా తిన్నదని ఊరంతా అన్నది.

భూతవైద్యుణ్ణి పిలిపించారు. నీ ముందర నిప్పుల కుంపటి పెట్టి, వేపమండలతో వీపు మీద కొడుతూ అడిగాడు. "ఎవడు పంపిండు నిన్ను? బయటోడా, ఇంటోడా? అత్తగారి దిక్కా, తల్లిగారి దిక్కా?" నువ్వు తల్లిగారి దిక్కు అన్నావు. "మొగోడా, ఆడిదా?" మొగోడు అన్నావు. మన తల్లిగారింట్లో మిగిలింది నేనూ బాపూ. మా బాపు పేరు నేను నోటితో అనలేదు అని నువ్వు ఇప్పుడు చెప్పుకుంటున్నావట. నిజమే అక్కా, అనలేదు. అనవలసిన అవసరం లేకుండా చెప్పావు.

బాపు ఆ గుంపులోనే ఉన్నాడు. నీకు బాగాలేదని తెలిసి, చెట్టు దిగి, నడుముకు చెట్టెక్కే మోకు ఇంకా అట్లాగే ఉండగా వచ్చాడు. జనం పక్కకు జరిగి ఆయన చుట్టూ ఖాళీ జాగ చేశారు. ఆయన నిన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఇంటికి వచ్చి మోకు విప్పి కొయ్యకు తగిలించాడు. మళ్ళీ దాన్ని తీసే పని పడలేదు.

మర్నాడు నిన్ను దిష్టి తీయించడానికి కొండపాక అవతలి గుడికి పంపారు. మీ తోటికోడలు తోడు వచ్చింది. నేను కబురు విని స్కూలుకు సెలవు పెట్టి బస్సు దిగేసరికి బాపును కల్లు మండువలో గుంజకు కట్టేశారు. ఇన్నేళ్ళూ ఆయన కల్లు పోసిన మండువే. పట్టపగలు. కొందరు ముంతలు ముందర పెట్టుకొని కూర్చున్నారు.

మీ మామ మంచం మీద కూర్చున్నాడు. చాలా నెమ్మదిగా మాట్లాడాడు. నేను ఆయనంత నెమ్మదిగా మాట్లాడే మనిషిని ఇప్పటిదాకా చూడలేదు.

"బావా, నువ్వు అబద్ధమాడవని ఊరందరికెరుకే. గందుకే నీ నోటితోనే ఇనాలె. చేసిన్నని చెప్పు. ఇంక చెయ్యనని పోచమ్మ ముందట ఒట్టెయ్యి. ఇడిసిపెడ్తం."

"చెయ్యంది చేసిన్నని ఎట్ల చెప్పాలె బావా?"

"చెప్తే ఏం పోతది నీది?"

"నా మాట పోతది. గా మాట పోయినంక నేనేం మిగుల్త?"

జనంలో కొందరు తలలు దించుకున్నారు. అది చూసి నాకు ఆశ కలిగింది. అంత బుద్ధి తక్కువదాన్ని నేను. మాట విన్నవాళ్ళు మనసు మార్చుకుంటారనుకున్నాను.

మంత్రగాడి నోట్లో పళ్ళు ఉంటే మంత్రం పలుకుతుందని, పళ్ళు పీకితే మంత్రం తప్పుతుందని అంటారు. పట్కారు తెచ్చారు. తెచ్చింది ఎవరో నీకు చెప్పారా? ఇస్తారి. గెట్టు తగాదాలో బాపు ఎవరి దిక్కు నిజం చెప్పాడో ఆ ఇస్తారి. ఆ పొలం ఈనాటికీ ఆయనే దున్నుకుంటున్నాడు. ఇన్నేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు ఆ రోజు బాపు నోటి దగ్గర కలిశారు. ఒకాయన తల పట్టాడు, ఒకాయన పట్కారు పట్టాడు.

మన వాడ ఆడవాళ్ళే నన్ను నేల మీద పడేసి పట్టుకున్నారు. అరవకుండా నా నోట్లో నా కొంగే కుక్కారు. నేను కళ్ళు మూసుకోలేదు. చూడాలని అనుకున్నాను, చూశాను. పన్ను ఊడి వచ్చేటప్పుడు చప్పుడు వస్తుంది. పచ్చికట్టె విరిచినట్టు. నువ్వు వినలేదు కాబట్టి రాస్తున్నాను. ఒక్కో పన్ను తర్వాత మీ మామ అదే నెమ్మదితో, చెప్తవా బావా అని అడిగాడు. బాపు నోట్లోని నెత్తురు ఉమ్మి, చెయ్యలే అన్నాడు. ముందరి పళ్ళు పోయిన తర్వాత ఆ మాట సరిగ్గా పలకలేక తల అడ్డంగా ఊపాడు.

మన గోడ పక్క మహబూబీ పెద్దమ్మ ఒక్కతే జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "మీరు మనుషులా రా? గీ చేతులతోనే గద ఈయన పోసిన కల్లు తాగిన్రు!" అని అరిచింది. ఆమె పిల్లలకు తాయెత్తులు కడుతుంది కదా. నీకు కూడా పిల్లలు పుట్టాలని కట్టింది. వెంటనే ఎవరో ఆమె వంక చెయ్యి చూపించి, ఈమెనే ఈయనకు నేర్పి ఉంటది అన్నారు. ఇంకా కొన్ని చేతులు లేచాయి. అంత సులువు అక్కా. ఒక చెయ్యి లేస్తే చాలు.

ఆ తర్వాత కొంతసేపటికి బాపు ఒప్పుకున్నాడు. నేనే చేసిన అన్నాడు. దెబ్బలకు తాళలేక ఒప్పుకున్నాడని కొందరు, నిజం బయటపడిందని కొందరు అనుకున్నారు. నువ్వు ఏది అనుకున్నా నాకొకటే.

ఒప్పుకుంటే వదిలేస్తామన్నారు కదా, వదల్లేదు. నీకు నేర్పిందెవరు, మహబూబీనేనా, ఆ పేరు చెప్పు, మిగిలిన పళ్ళు నీకే ఉంచుతాం అన్నారు. బాపు వేలితో తన గుండె చూపించుకున్నాడు. నేనే, ఎవ్వరు నేర్పలే అని. మళ్ళీ అడిగారు. మళ్ళీ అట్లాగే చూపించాడు. మిగిలినవి కూడా పీకారు.

మహబూబీ పెద్దమ్మ కొడుకు అజీజ్ బండి కట్టి బాపును సిద్దిపేట దవాఖానకు చేర్చాడు. పోలీసులు వచ్చి అడిగారు. ఊళ్ళో నుంచి వచ్చిన పెద్దమనుషులు తాటిచెట్టు మీద నుంచి పడ్డాడని చెప్పారు. అవునా అని జమాదారు బాపును అడిగాడు. బాపు నోరు తెరవలేదు. నేను మాట్లాడబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకొని ఆపాడు. చెట్టు మీద నుంచి పడ్డట్టే రాసుకొని పోయారు. నేల మీద పడ్డ మనిషికి పళ్ళు ఒక్కటి మిగలకుండా ఎట్లా ఊడతాయని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేకపోయాను.

తర్వాత నా కిరాయి గదిలోనే ఉన్నాడు. గటక జావ చేసి పోసేదాన్ని. తాను గీసే చెట్లు ఇంకొకరికి ఇచ్చేశారని, తన మోకు మండువ పొయ్యిలో వేశారని విన్నాడు. ఇంతకంటే పెద్ద శిక్ష ఒకటి వచ్చింది. ఒకరోజు దూరపు ఊరి నుంచి ఒకాయన నల్లకోడి, నిమ్మకాయలు పట్టుకొని మా గది వెతుక్కుంటూ వచ్చాడు. తన అన్న మీద బాణామతి చేసి పెట్టాలట. బాపు కాళ్ళు పట్టుకున్నాడు. బాపు బోసినోటితో, నాకు రాదు బిడ్డా అన్నాడు. ఆ మనిషికి కోపం వచ్చింది. "చెయ్యనంటే చెయ్యనను. రాదంటవేందే? ఊరందరి ముందట ఒప్పుకున్నోనివి!" అన్నాడు. కోడిని గుమ్మంలోనే వదిలేసి పోయాడు. బాపు ఆ రోజు చాలాసేపు నవ్వాడు. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఆ నోరు చూస్తే రెండూ ఒకటిగానే ఉండేవి.

ఆ కోడి సంగతి వాడంతా పాకింది. స్కూలు వాళ్ళు నన్ను మానుకొమ్మన్నారు. నాకైతే నమ్మకం లేదమ్మా, తల్లిదండ్రులు ఊకుంటలేరు అన్నాడు మా పెద్దసారు. ఇంటి ఓనరు కూడా అదే అన్నాడు. నమ్మకం ఉన్నవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు అక్కా. అందరూ నమ్మకం లేనివాళ్ళే. అయినా మేము గది ఖాళీ చేశాం. ఇప్పుడు అజీజ్ వాళ్ళ చుట్టాలింట్లో వెనక కొట్టంలో ఉంటున్నాను.

బాపు రోజూ నీ గురించి అడిగేవాడు. మంచిగున్నదా అని కాదు. పొయ్యికాడికి రానిస్తున్నరా అని అడిగేవాడు. రానిస్తున్నారని, మీ అత్త నీకు తలకు నూనె పెడుతోందని, బాణామతి నుంచి బయటపడ్డ కోడలని అందరూ ముద్దు చేస్తున్నారని అజీజ్ చెబితే ఆ పూట జావ ఇంకొంచెం తాగాడు.

చిగుళ్ళు మానలేదు. చీము పట్టి, దవడ వాచి, జ్వరం పట్టుకుంది. దవాఖానలోనే పోయాడు. మనవాళ్ళకు కబురు పంపాను. కులపోళ్ళు ఒక్కరూ రాలేదు. అజీజ్, వాళ్ళ పక్కింటివాళ్ళు పాడె మోశారు. నిప్పు నేను పెట్టాను. కట్టె మీద పడుకోబెట్టినప్పుడు ఆయన చెంపలు లోపలికి పోయి, వేరే ఎవరో ముసలాయనలా కనిపించాడు. నేను దగ్గరికి పోయి చెవులు చూసి బాపేనని నిర్ధారణ చేసుకున్నాను.

ఇంతే జరిగింది. నువ్వు రాలేదని నాకు కోపం లేదు. వస్తే ఎక్కడ నిలబడాలో నీకూ తెలిసేది కాదు.

ఇట్లు,
మైసయ్య బిడ్డ,
బాలమణి.

మళ్ళీ రాస్తున్నాను:

కవరు అంటించి మళ్ళీ చింపాను. దవాఖానలో బాపు నా చేత అమ్మ మీద ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ ఒట్టు నిలబెట్టుకుందామనే పైదంతా అట్లా రాశాను. ఇప్పుడు తప్పుతున్నాను.

బాపు దెబ్బలకు ఒప్పుకోలేదు. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. విసిగిపోయిన మీ అత్త రామవ్వ ఆడవాళ్ళలో నుంచి లేచింది. "గీయన చెయ్యలేదంటే మా కోడలాడింది నాటకమేనా? నాటకమైతే నా మనుమణ్ణి మింగింది గదే! ట్రాక్టర్ తోల్కపోయి దాన్ని పట్కరాండ్రి. గీ గుంజకే కట్టుండ్రి" అన్నది. మీ మామ వద్దనలేదు. మీ ఆయన అక్కడే ఉన్నాడు, వద్దనలేదు. ఇస్తారి పట్కారు కింద పెట్టి ట్రాక్టర్ వైపు నడిచాడు. అప్పుడు అరిచాడు బాపు. ఆ నోటితో అంత గట్టిగా ఎట్లా అరిచాడో నాకు ఇప్పటికీ తెలియదు. "నేనే చేసిన! నా బిడ్డకు నేనే చేసిన! దానిది నాటకం కాదు!"

నాటకమని ఆయనకు ముందు రోజే తెలుసు. నీ ముందర నిప్పుల కుంపటి ఒరిగినప్పుడు నువ్వు పాదం వెనక్కి తీసుకున్నావట. పూనకంలో ఉన్నవాళ్ళు అగ్గిని చూడరు. నువ్వు చూశావు. "భయపడ్డది బిడ్డ. భయపడ్డోళ్ళను ఏమంటం" అన్నాడు నాతో. ఆ ఒక్క ముక్క మండువలో చెప్పి ఉంటే బాపు ఇంటికి నడిచి వచ్చేవాడు. గుంజకు నువ్వు ఉండేదానివి.

పొద్దటి నుంచి నిజం చెబితే ఊళ్ళో ఒక్కరు నమ్మలేదు. ఆయన జన్మలో ఆడిన ఒకే ఒక్క అబద్ధాన్ని మాత్రం అందరూ నమ్మారు, మైసయ్య అబద్ధమాడడు కాబట్టి. ఆ మాటనే నువ్వు నాకు కబురు పంపావు.

నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంటూ, "ఎరుకైతే అది బతకది బిడ్డా" అన్నాడు. ఆయనంత మంచిదాన్ని కాను నేను. నీకు ఎరుక కావాలి. ఎరుకై బతుకు.